తెర మీద లెక్కల టీచరు

తమ్ముడి మొదటి ప్రదర్శన అనగానే లెక్కల టీచరుకు కాళ్ళు నేల మీద నిలవలేదు. అది మాట వరసకే. తుంటి ఎముక విరిగి, అతికి, ఇప్పుడిప్పుడే చేతికర్ర సాయంతో నాలుగడుగులు వేస్తోంది. అయినా స్టాఫ్ రూములో అందరికీ గొప్పగా చెప్పుకుని, సెలవు పెట్టి మరీ బయల్దేరింది.

గ్యాలరీ అంటే ఏ పాలరాతి భవనమో అనుకుంది. తీరా చూస్తే మందుల షాపుకీ సైకిళ్ళ షాపుకీ మధ్య ఇరుకు మెట్లు, పైన చిన్న చిన్న గదులు. గదికొక కుర్ర కళాకారుడి వీడియో. మొదటి గదిలో కుళాయిలోంచి పడాల్సిన నీళ్ళు తిరిగి కుళాయిలోకే వెళ్ళిపోతున్నాయి. రెండో గదిలో ఎవరిదో చెవి. చెవే, ఇంకేం లేదు. పిల్లల సరదా అనుకుని సర్దుకుంది.

తమ్ముడి గదిలోకి నల్ల పరదా తప్పించుకుని వెళ్ళి, పొట్టి బల్ల మీద కూలబడి తలెత్తితే, ఎదుటి గోడ నిండా తనే.

పెరట్లో సబ్బునీళ్ళలో వెల్లకిలా పడి ఉంది. నైటీ మోకాళ్ళ దాకా లేచిపోయింది. మోచేతి మీద లేవబోతోంది, పడుతోంది, మళ్ళీ లేవబోతోంది. ఆమె కేకలు వినపడకుండా ఏవో గంటల చప్పుడు అతికించారు.

టీచరుకు ఒళ్ళు మండిపోయింది. క్లాసులో ఎవడైనా కిసుక్కుమంటే చాక్‌పీసు విసిరే మనిషి, ముక్కూమొహం తెలియనివాళ్ళు తన మోకాళ్ళు చూస్తుంటే చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ కూర్చుంది. పక్కనున్న గడ్డమాయన "శరీరానికీ నేలకీ సంభాషణ" అని ఎవరికో వివరిస్తున్నాడు. సంభాషణట, వాడి మొహం!

తమ్ముడు ఆదరాబాదరా వచ్చి పక్కన కూర్చున్నాడు. అమ్మ పోయాక ఆమె చేతుల్లో పెరిగినవాడు.

"ఏమిట్రా ఇది? నన్నొక మాట అడగాలన్న ఇంగితం లేదా?"

"అడిగితే ఒప్పుకోవని భయమేసిందక్కా. గాలికి ఊగే బట్టల్ని వీడియో తీద్దామని స్టాండు మీద కెమెరా పెట్టి బ్రెడ్డుకెళ్ళాను కదా. దానంతటదే తీసేసింది. తర్వాత చూసి ఎంత ఏడ్చానో. ఇప్పుడిది ఆపేయిస్తే నన్నింకెవరూ గడప తొక్కనివ్వరు."

ఆ బిక్కమొహం చూసేసరికి ఆమె కోపం సగం దిగింది. ఆ రోజు పరిగెత్తుకొచ్చి, చేతుల మీద ఎత్తుకుని ఆసుపత్రికి చేర్చింది వీడే. పరువు పోతే పోయింది, వీడి బతుకు నిలబడనీ అనుకుంది. వచ్చింది ఎలాగూ వచ్చాం, పూర్తిగా చూద్దామని తలెత్తింది.

అంతదాకా ఒకేచోట నిలిచి ఉన్న బొమ్మ మొత్తంగా కదిలింది. పడి ఉన్న మనిషి మెల్లగా దగ్గరవుతోంది. ముందు భుజాలు, తర్వాత మొహం. బొమ్మ పక్కకు జరిగి, నేలను గీరుతున్న ఆమె వేళ్ళను వెతికి పట్టుకుని, తాపీగా మళ్ళీ మొహం మీదికి వచ్చింది. నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. ఆ నోరు ఎవర్ని పిలుస్తోందో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు.

"స్టాండు మీది కెమెరా నడిచొచ్చిందేమిట్రా?"

తమ్ముడు నేలచూపులు చూశాడు. "అప్పటికే వచ్చేశానక్కా," అన్నాడు. "ఒక్క క్షణమే అనుకున్నా. నీ మొహం మీద వెలుతురు అంత బాగా పడితే..."

ఆమెకు ఏడుపు రాలేదు, అసహ్యం వేసింది. సమయానికి దేవుడిలా వచ్చాడని ఎన్ని ఇళ్ళలో చెప్పుకుందో అన్ని ఇళ్ళకూ వెళ్ళి ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపించింది.

లేవబోయింది. బల్ల మరీ పొట్టిది. నడుము సహకరించక మళ్ళీ కూలబడింది. గడ్డమాయన మాట ఆపి ఇటు తిరిగాడు. తమ్ముడు కంగారుగా చెయ్యి చాపాడు.

"తొందరేముందిరా," అంది టీచరు, గదంతా వినపడేలా. "ముందు వెళ్ళి కెమెరా తెచ్చుకో."