సత్తెమ్మ నాలుక

ఖరీదైన చోట తిన్న తిండి బాగాలేదని చెప్పడానికి మనలో చాలామందికి నోరు రాదు. చెప్పకపోతే ఎవరికేం నష్టమనుకుంటాం. లింగంపల్లి దగ్గరి కర్మాగారం కాలనీలో కాపురముండే పుణ్యవతి కూడా అలాగే అనుకుంది.

అది 1975 ఎండాకాలం. ఆమె భర్త రామ్మోహనరావుకు ప్రమోషన్ వచ్చింది. ఏలూరు వైపు నుంచి ఉద్యోగం కోసం వచ్చిన ఆ దంపతులకు ఆడంబరాలు అలవాటు లేవు. అయినా ఆఫీసులో పెద్దవాళ్లంతా నగరంలో కొత్తగా తెరిచిన పెద్ద హోటలు గురించే మాట్లాడుకుంటుంటే, తామూ ఒకసారి వెళ్లకపోతే చిన్నతనమని రామ్మోహనరావుకు అనిపించింది. ఒక ఆదివారం మధ్యాహ్నం పుణ్యవతి పట్టుచీర కట్టుకుంది. ఇద్దరూ బస్సెక్కి వెళ్లారు.

తలుపు తీసి సలాం కొట్టే మనిషి, అడుగు మునిగే తివాచీ, పట్టపగలే వెలిగించిన గుడ్డి దీపాలు, అన్నీ ఘనంగానే ఉన్నాయి. సూప్ చల్లారిపోయి వచ్చింది. పులావు పలుకుగా ఉంది. కుర్మా నోట పెట్టుకోగానే పుణ్యవతి ఆగిపోయింది.

"ఏమండీ, కూర పులిసిపోయిందండీ" అంది మెల్లగా.

"ష్, వింటారు! ఇలాంటి చోట్ల రుచులు ఇలాగే ఉంటాయి కాబోలు."

"పుల్లటి కూరకీ, పులిసిన కూరకీ తేడా తెలీదటండీ నాకు?"

రామ్మోహనరావు పక్క బల్ల వైపు చూశాడు. అక్కడివాళ్లు చెంచాలతో నింపాదిగా అదే కుర్మా తింటున్నారు. బేరర్ వచ్చి ఎలా ఉందని అడిగితే "వెరీ గుడ్" అన్నాడు. బిల్లు చూసి నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చాడు. ఇంటికొచ్చి, వీధి తలుపు వేసుకుని, ఇద్దరూ ఆవకాయ కలుపుకుని అన్నం తిన్నారు.

సాయంత్రం పక్క క్వార్టర్లోని సీతాబాయి వచ్చింది. ఆమె భర్త అదే కర్మాగారంలో ఫిట్టరు. వాళ్లది అక్కడికి దగ్గర్లోని నల్లగండ్ల ఊరు.

"ఏమక్కా, పెద్ద హోటల్‌కు పోయిన్రంట. ఎట్లుంది బువ్వ?"

నిజం పుణ్యవతి నాలుక చివరిదాకా వచ్చింది. అంత డబ్బు పోసి పాచికూర తిని వచ్చామని ఎలా చెప్పుకోవడం?

"చాలా బాగుందండీ. కుర్మా అయితే మరీనూ!"

అబద్ధం మొదలుపెట్టాక కుర్మాని కూడా పొగడాల్సి వచ్చింది.

సీతాబాయి తల్లి సత్తెమ్మ అప్పుడు కూతురి దగ్గరే ఉంటోంది. టైఫాయిడ్‌తో దవాఖానలో పడి లేచిన మనిషి. చాలాకాలం గంజీ జావలతోనే బతికింది. ఇక ఏదైనా తినవచ్చని డాక్టరు చెప్పిన రోజున, ఏం కావాలని కూతురు అడిగితే, "కమ్మటి కూరతోని ఒక్క పూట బువ్వ" అంది. సీతాబాయికి పుణ్యవతి మాట గుర్తొచ్చింది. చెవికమ్మల కోసం దాచుకున్న డబ్బు తీసి, తల్లిని ఆ హోటలుకే తీసుకెళ్లింది.

ఆ సంగతి పుణ్యవతికి మర్నాడు తెలిసింది. వెంటనే పక్కింటికి పరుగెత్తింది. సత్తెమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"రెండు ముద్దలు గూడ మింగలే అక్కా. నిన్నటి సంది గిట్లనే ఉన్నది. పొద్దున ఇంట్ల వండింది గూడ వద్దంటున్నది. పరేషాన్ అయితున్నది నాకు" అంది సీతాబాయి.

ముసలామె ఇటు తిరిగింది. "హోటల్ల తప్పేం లేదు బిడ్డా. జరంతోని నా నాలుకనే సచ్చింది. అందరు మెచ్చిన కూర నాకు పాచిగ తగిలింది. ఇగ నాకు రుచి తెల్వదు. ఏం తింటే ఏంది? గంజి పొయ్యుండ్రి, చాలు."

పుణ్యవతి గబగబా ఇంటికెళ్లింది. వేడన్నం, మామిడికాయ పప్పు గిన్నెలో పెట్టుకొచ్చింది. బలవంతం మీద సత్తెమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, నెమ్మదిగా నమిలింది.

"ఉప్పు జర తక్కువైంది బిడ్డా."

పుణ్యవతి కళ్లలో నీళ్లు తిరిగాయి. "నిజమే పెద్దమ్మా, తొందరలో తక్కువ వేశాను. మీ నాలుకకేం కాలేదు. ఆ కుర్మా మేం వెళ్లిన రోజు కూడా పాచిదే."

సీతాబాయి నివ్వెరపోయింది. "మరి బాగుందంటివి గదక్కా?"

"పరువు పోతుందనుకున్నాను."

సీతాబాయి ముఖం తిప్పుకుని లోపలికి వెళ్లిపోయింది. సత్తెమ్మ మాత్రం ఉప్పు అడిగి వేయించుకుని, గిన్నెలోది మొత్తం తింది.

రాత్రి భోజనాల దగ్గర పుణ్యవతి భర్తకు జరిగినదంతా చెప్పింది.

"ఇప్పుడు అందరికీ చెబితే నవ్వుతారే!" అన్నాడతను.

"నవ్వనివ్వండి. మనం బాగుందన్నందుకు ఒక పెద్దావిడ తన నాలుకని తనే నమ్మడం మానేసింది."

మర్నాడు క్యాంటీన్‌లో రామ్మోహనరావు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. మొదట ఒకరిద్దరు నవ్వారు. తర్వాత ఒక అధికారి గొంతు సవరించుకుని, తానూ ఆ కుర్మాని వదిలేసి వచ్చానని ఒప్పుకున్నాడు. ఆయన పక్కనున్నాయన, తానైతే మొహమాటానికి మొత్తం తిన్నానన్నాడు. ఇన్నాళ్లూ ఆ హోటలుని పొగిడింది వీళ్లే.

చెడ్డ వంట వండినవాడి తప్పు ఆ వంటింటితోనే ఆగుతుంది. పరువు కోసం దాన్ని మెచ్చుకున్న ప్రతివాడూ తన తర్వాత వచ్చేవాడికి అదే కూర వడ్డిస్తున్నాడు.