పొగ రాని రోజు

కొమురెల్లి బానెట్ ఎత్తి, ఆయిల్ పుల్ల లాగి, లుంగీ అంచుకే తుడిచి మళ్లీ ముంచాడు. ఆయిల్ గీత కిందికి దిగి ఉంది. మొన్ననే పోశాడు. ఇరవై ఏళ్ల నాటి ఇండికా అది. డీజిలు కంటే ఇంజన్ ఆయిలే ఎక్కువ తాగుతుందని కోరుట్ల టాక్సీ స్టాండులో వెక్కిరించేవారు. స్టార్ట్ చేస్తే వెనక నీలంగా పొగ లేస్తుంది, టీకొట్టువాడు పాలగిన్నె మీద మూత వేసుకుంటాడు.

అరవై దాటిన మనిషి. కిటికీ మీద పెట్టి నడిపి నడిపి కుడి మోచెయ్యి ఎండకు మాడి, ఎడమదానికంటే నల్లబడింది. తండ్రి కల్లు గీయడానికి తాళ్లెక్కేవాడు. కొమురెల్లికి మాత్రం చెట్టు మీదినుంచి కిందికి చూస్తే కళ్లు తిరిగేవి, అందుకని స్టీరింగు పట్టాడు. అంతకు మించి బతుకులో తనంతట తాను తేల్చుకున్నది ఏమీ లేదు.

స్టాండు నిండా ఏసీ బళ్లున్నా గల్ఫ్‌కు పోయేవాళ్లు ఈ డొక్కునే అడిగేవారు. కొమురెల్లి ఎయిర్‌పోర్టులో దింపినవాళ్లెవరూ శవమై పెట్టెలో తిరిగిరాలేదని పేరు. ఎవరు ఆరా తీశారో తెలియదు. పేరంటూ పడ్డాక ఆరా ఎవడికి కావాలి? ఊళ్లోని శంకరవ్వ కొడుకు కుమార్ మస్కట్‌కు పోతుంటే దింపింది కూడా అతనే. కుమార్ కట్టడం మీదినుంచి పడి, నడుము విరిగి వచ్చాడు. ప్రాణంతో వచ్చాడు కదా, అంతా బండి మహిమే అంది శంకరవ్వ. ఇప్పుడు కోడలు నీల కువైట్‌కు ఇంటిపనికి పోతోంది. మళ్లీ ఇదే బండి.

మెకానిక్ కిష్టయ్య షెడ్డులో కొమురెల్లి చిన్న డబ్బా ఒకటి చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. ఆయిల్‌లో కలిపే మందు.

"గిది పోస్తే పొగ ఆగుతదా కిష్టయ్యా?"

"ఆగుతది. తాగినోనికి మజ్జిగ పోసినట్టు. ఇయ్యాలటికి తేటగ కనబడ్తడు, రేపు మల్ల గదే కత. లోపల రింగులు అరిగినయి అన్నా. డబ్బకేం ఎరుక? ఇంజన్ ఇప్పాలె."

"ఇయ్యాల ఒక్కనాడు సాలు. ఆడిపిల్ల పోతుంది. నడిమిట్ల ఆగితే నా పేరు పోతది."

మందు తేనెలా చిక్కగా, నింపాదిగా దిగింది. డబ్బా బోర్లించి ఆఖరి చుక్క దాకా పోశాడు.

మధ్యాహ్నం టైరు ముందు కొబ్బరికాయ కొట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి. నీల కూతురు అఖిలకు రెండేళ్లు నిండలేదు. చూస్తే ఏడుస్తుందని ముందే పక్కింటికి పంపేశారు. కుమార్ మంచం మీదినుంచే చెయ్యెత్తాడు. వెనక్కి చూడొద్దని శంకరవ్వ కోడలికి మరీ మరీ చెప్పి, తనూ ఎక్కి పక్కన కూర్చుంది.

బండి ఏనాడూ లేనంత మెత్తగా నడిచింది. జగిత్యాలలో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కొమురెల్లి అద్దంలోంచి వెనక చూశాడు. పొగ లేదు. అద్దంలో సగం నీల ముఖమే ఉంది, అతను చూసింది మాత్రం రోడ్డును. కొండగట్టు కమాను దగ్గర ఆపకుండానే నొసటికి చెయ్యి ఆనించుకున్నాడు. సంతోషంగా ఉంది అతనికి. ఈ వయసులో ఇంత సంతోషం ఒక డబ్బాలోంచి వస్తుందని అనుకోలేదు.

కరీంనగర్ దాటాక శంకరవ్వ కునుకు తీసింది.

"కాకా," అంది నీల. "గీ బండి ఎన్నడన్న నడిమిట్ల ఆగిందా?"

"ఒక్కపారి సుత ఆగలే బిడ్డా. నువ్వేం రంది పెట్టుకోకు. ఇయ్యాల మందు సుత పోసిన."

నీల సీటు అంచుకు జరిగింది.

"ఎందుకు పోసినవ్ కాకా?"

అదృష్టం కొద్దీ అడిగేవాళ్లు దొరికారు. రింగులు ఎట్లా అరుగుతాయో, ఆయిల్ ఎట్లా కాలుతుందో, మందు ఎట్లా పట్టుకుంటుందో సిద్దిపేట దాకా చెప్పాడు. నీల కిటికీ వైపు తిరిగి, కొంగు నిండుగా కప్పుకుని, రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకుని వింది.

ఇంకా వెలుతురుండగానే ఎయిర్‌పోర్టు చేరారు. నీల సంచి దింపుకుంది. "పోయొస్త కాకా" అంది. అద్దాల తలుపు దగ్గర పోలీసు కాగితాలు చూశాడు, లోపలికి పంపాడు. అంతే. చెప్పినట్టే వెనక్కి చూడలేదు.

శంకరవ్వ వచ్చి ముందు సీట్లో కూలబడింది.

"బండి మంచిగ నడిచింది. కోడలు ఎన్ని తీర్ల యాపాకు నూరి రొమ్ముకు పూసుకున్నా చంటిది పాలు ఇడువలేదు కొమురెల్లన్నా. ఇగ ఇడుస్తది తియ్యి." అనేసి కొంగు నోట్లో కుక్కుకుంది.

కొమురెల్లి తాళం తిప్పబోయి ఆగాడు. ఆ పిల్ల అడిగింది ఇంజన్ సంగతి కాదు. బండి పొగ కక్కుకుంటూ ఎక్కడైనా రోడ్డు పక్కన ఆగిపోతే విమానం తప్పిపోయేది, ఈ రాత్రికి బిడ్డ దగ్గరుండేది. రెండుసార్లూ అదే అడిగింది, తను రింగుల గురించి చెప్పాడు. అతనికి సిగ్గేసింది. చెప్పుకోవడానికి పక్కన ఏడుస్తున్న ముసలామె తప్ప ఎవరూ లేరు.

సీటు దులుపుదామని వెనక్కి తిరిగాడు. నీల కూర్చున్న మూలలో సిరిసిల్ల తువ్వాలు ఒకటి నాలుగు మడతలు పెట్టి ఉంది. పై మడత పొడిగానే ఉంది. లోపలి మడతలన్నీ పాలతో తడిసి, ఇంకా వెచ్చగా ఉన్నాయి.