కత్తెర నోట్లో కాగితం

బండి మీంచి పడి తలకు దెబ్బ తగిలాక టైలర్ కుడిచెయ్యి పిడికిలిగా బిగుసుకుపోయింది. ముంజేతికి అంటించిన ప్యాడ్ల నుంచి కరెంటు వచ్చినప్పుడే వేళ్లు విచ్చుకునేవి. ఈ రోజు ఒక్కసారైనా సొంతంగా విప్పకపోతే ఆ కరెంటు మిషన్ వేరే పేషెంటుకు వెళ్లిపోతుంది.

"కరెంటుతో పాటు మీరూ విప్పాలి బాబాయ్. దానికే వదిలేస్తే మెదడు నేర్చుకోదు," అంది ఫిజియోథెరపిస్టు.

"నేర్చుకుంటుందమ్మా. నాలాగే మొండిఘటం."

ఇరవైసార్లు ప్రయత్నించాడు. చెమటలు పట్టాయి తప్ప వేలు కదల్లేదు. అప్పుడు, అతని షాపు నుంచి భార్య తెచ్చిన కత్తెరను ఫిజియోథెరపిస్టు అతని వేళ్లకు తొడిగి కరెంటు ఇచ్చింది. కత్తెర తెరుచుకోగానే మధ్యలో పాత పేపరు పెట్టింది. కరెంటు ఆగింది. కత్తెర పేపరును కరిచి పట్టుకుంది.

"బట్టల కత్తెరకి కాగితమా? తియ్యమ్మా, పదును పోతుంది!"

"మీరే విడిపించుకోండి."

"ముప్పై ఏళ్లుగా నన్నే ముట్టుకోనివ్వలేదు దాన్ని," అంది భార్య.

అతను పళ్లు బిగించాడు. కత్తెర నోరు మెల్లగా వేలెడంత తెరుచుకుంది, పేపరు జారి కింద పడింది.

"నేను కరెంటు ఇవ్వలేదు బాబాయ్!" ఫిజియో రిజిస్టరు లాక్కుని, మిషన్ మరో నెల ఇతనికే అని రాసింది.

"చూస్తావేం?" అన్నాడతను భార్యతో. "ఈసారి కాగితం కాదు, ఏదైనా గుడ్డముక్క ఇటివ్వు."