కండెలు చుట్టే మగాడు

భారతి భయం ఒకటే: ఏదో ఒక రోజు భర్త ఓబులేష్ తన సొంత కూతురు శశిని చూసి, ఈ పాప ఎవరిదని అడుగుతాడు.

ఓబులేష్‌కు నలభై రెండేళ్లు. ధర్మవరంలో పట్టుచీర అంచుకు పేరున్న చెయ్యి. నిరుడు అంచులో పువ్వులు తప్పాయి, తర్వాత ఇంటి దారే తప్పింది. ముసలితనంలో రావాల్సిన మతిమరుపు జబ్బు ముందే వచ్చిందని అనంతపురంలో డాక్టర్లు చెప్పారు. అక్కడే మనసు వైద్యం చేసే త్రివేణి మేడం వారం వారం మొగుడూ పెళ్లాలిద్దర్నీ కూర్చోబెట్టుకుని మాట్లాడేది.

"పరీక్ష పెట్టినట్టు అడగొద్దమ్మా, బెదిరిపోతాడు. పేరు మీరే ముందు చెప్పండి. చేతికి అలవాటైన పని ఇవ్వండి" అంది.

మగ్గం ఇక కుదరదు. అందుకే భారతి రాట్నం ముందు పెట్టి, మగ్గానికి దారం అందించే చిన్న గొట్టాలకు, కండెలకు, పట్టు చుట్టమంది. చిన్నప్పుడు నేర్చిన పని. రాట్నం తిరుగుతున్నంతసేపూ, మాటలు తగ్గిపోయిన ఆయన నోట మాట కూడా వచ్చేది.

అత్త ఆంజినమ్మకు ఒళ్లు మండింది. నేత ఇళ్లలో కండెలు చుట్టేది ఆడవాళ్లూ పిల్లలూ.

"మగ్గంలో దొరమాదిరి కూచునేటోన్ని ఆడోళ్ల పనికి దించుతావా? వీధిలో తలెత్తుకోనిస్తావా లేదా?" అని రాట్నాన్ని అటకెక్కించింది.

చేతిలో పని పోయాక ఓబులేష్ గోడలు తడుముకుంటూ ఇల్లంతా తిరిగాడు. మరిది సురేంద్రకు అదొక తమాషా. ఆ సాయంత్రం తోటి నేతగాళ్లు వీధి అరుగు మీద టీ తాగుతుంటే శశిని ముందుకు నెట్టి, "ఏమన్నా, ఈ పాప ఎవురో చెప్పు సూస్తాం" అన్నాడు.

ఓబులేష్ పాప మొహంలోకి తేరిపార చూశాడు. "పక్కింటోళ్ల పాప గదా?"

ఒకడు కిసుక్కున నవ్వాడు. "ఇంగేముందప్పా, పెండ్లాం ఎవురో గూడా అడుగు!"

శశి బిక్కమొహం వేసింది. భారతి తన చేతిలోని టీ గ్లాసును నేలకేసి కొట్టింది.

"చాలించు సురేంద్రా! ఆయప్ప ఏమన్నా కోతా, ఆడిచ్చేకి? జబ్బు ఆయనకి, సిగ్గు ల్యాకపోయింది మీకు!"

"కోపమెందుకొదినా? మాటల్తో మందేసే నీ మేడమ్ము ఏం నయం జేసినాది?"

"నయం జేస్తానని ఆయమ్మ యాడా అనలే. బెదరకుండా బతుకుతాడు అనింది. మీరు దినామూ బెదిరిస్తాండారు!"

అటకెక్కి రాట్నం దించి, వీధి అరుగు మీదే పెట్టింది. అత్త నోరు తెరవబోయింది. "నువ్వు మాట్లాడొద్దత్తా" అంది భారతి. భర్తను కూర్చోబెట్టి, పాపను ఎత్తి పక్కన దించింది.

"ఇది మన శశి. నీ కూతురు. కండె సుట్టేది సూస్తాదంట."

ఆమె గొంతులో కోపం ఇంకా దిగలేదు. ఓబులేష్ రాట్నం పట్టుకున్నాడు. కండె సగం నిండాక, "శశి" అన్నాడు, ఊరికే, కొత్త మాట నేర్చుకుంటున్నట్టు.

చదివేవాళ్లకు ఒక మాట. మీ వీధిలోనూ నడివయసులోనే పని మానేసి ఇంట్లో ఉండిపోయినవాడు ఉండే ఉంటాడు. రేపొకసారి వెళ్లి చూడండి. అతన్ని ఏమీ అడక్కండి. మీ పేరు చెప్పి, పక్కన కూర్చోండి.