జాగా మారిన నొప్పి

"పనికి ఒళ్లు వంగనోల్లకే వంద నొప్పులు" అంది మా అత్త సావిత్రమ్మ, నా కుడి మణికట్టుకు ఆముదం రాసి నూలుపోగులతో బిగించి కడుతూ. నేతవాళ్ల ఇళ్లలో కోడలికి ఏ నొప్పి వచ్చినా రాట్నం నొప్పే అంటారు. నేనూ అదే అనుకున్నాను. నేను రాట్నం మీద నూలు కండెలు చుట్టకపోతే మా ఆయన దశరథ మగ్గం ఆగుతుంది. అందుకని జ్వరంతోనే చుట్టాను. కాసేపు చెయ్యి ఆపితే మగ్గం ఎందుకు ఆగిందని అడిగారు గానీ, చెయ్యి ఎలా ఉందని ఎవరూ అడగలేదు. మూడో రోజుకు మణికట్టు కాస్త తగ్గి ఎడమ మోకాలు వాచింది. రాట్నం తిప్పేది మోకాలు కాదు కదా అని అప్పుడు అనుమానం వచ్చింది. చేతుల మీద, పాదాల మీద నాలుగైదు చీముపొక్కులు కూడా లేచాయి. "ఎండకు లేసినయ్‌లే" అంది అత్త.

అడుగు వేయలేని స్థితి వచ్చాక, దశరథ నన్ను మా ఊరు పానగల్ నుంచి బండి కట్టించి నల్లగొండలో అమృతమ్మ అనే డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. ఆమె మోకాలు నొక్కి చూసింది, పొక్కులు చూసింది, మా ఆయనను బయటికి పంపి తలుపు వేసింది.

"మీ ఆయన ఎటన్న పోయి ఉన్నడా?"

"షోలాపూర్ మిల్లుల నాలుగు నెలలు పని చేసిండు. వచ్చి ఇరవై రోజులైతుంది."

"గిది మొగుని కాన్నుంచి పెండ్లానికి అంటుకునే సెగరోగం, బిడ్డా. ఎవలకో ఒక్కరికి గిట్ల నెత్తుట్ల కలిసి కీళ్లకు పోతది. పెన్సిలిన్ సూదులకు తగ్గుతది. ఆలస్యమైతే కీలు బిగుస్తది. ఆయనకు గూడ ఎయ్యాలె, లేకుంటే నీకు మల్లొస్తది."

నాకు ముందు భయమే వేసింది. ముప్పై ఏళ్లు కూడా లేవు, కాలు బిగుసుకుపోతే ఎలాగని. వరండాలో ఆయనకు చెప్పాను. ఆయన నేల చూశాడు.

"నేను షోలాపూర్లనే రెండు సూదులు ఏయించుకున్న. ఒంటేలుల మంట తగ్గంగనే ఇడిసిపెట్టిన."

అప్పుడు వచ్చింది కోపం. తనకు రోగం ఉందని ఆయనకు తెలుసు, మందు ఉందనీ తెలుసు. అయినా వారం రోజులు నేను చుట్టిన కండెలతో నేస్తూ కూర్చున్నాడు.

"ఇంట్ల గీ ముచ్చట తియ్యకు. రాట్నం నొప్పే అని చెప్త" అన్నాడు.

"సూదులు అయ్యేదాక నేను ఈడనే ఉంట. నువ్వు గూడ ఏయించుకొనే పో."

"మరి అమ్మకు ఏమని చెప్పాలె?"

"షోలాపూర్ల సూదులేసినోల్లు నీకేం రోగమని చెప్పిన్రో, గదే చెప్పు."