ఆలస్యంగా వచ్చే బొమ్మ

అద్దాల దుకాణంలో పొద్దున్నే మొదట వినపడేది షట్టరు చప్పుడు. తర్వాత అంచులు నూరే చక్రం గుర్రుమంటుంది. ఆ తర్వాత నాన్న కేక.

"లాయరమ్మా! టీ సంగతేమైంది?"

మేడమీద గదిలో లాయరమ్మ అప్పటికే లేచి కూర్చుని ఉంటుంది. లేచి అంటే, సరిగ్గా పడుకున్నదెప్పుడని! పదహారేళ్ళ పిల్ల. మాటలొచ్చిన దగ్గర్నుంచీ వాదనే. కిటికీ తెరవాలా వద్దా అన్నదానికి కూడా మూడు పాయింట్లు చెప్పేది, మూడోదానికి అవతలివాళ్ళు చేతులెత్తేసేవాళ్ళు. బళ్ళో డిబేట్లలో గెల్చుకున్న కప్పు అలమరలో ఉంది. లాయరమ్మ అన్న పేరు నాన్న పెట్టిందే.

ఏడాదిగా ఆ నోరు మూతపడింది. "అమ్మయ్య, బుద్ధొచ్చింది" అని అమ్మ ఊపిరి పీల్చుకుంది. "పెద్దదవుతోంది" అన్నాడు నాన్న. ఆడపిల్ల నోరు మూసుకుంటే దాన్ని బుద్ధి అని పిలిచే ఇళ్ళు ఎన్ని లేవు, ఈ ఒక్క ఇంటినే నిలదీసి ఏం లాభం?

అదే ఏడాది నుంచి ఆమె బొమ్మ అద్దంలోకి ఆలస్యంగా రావడం మొదలైంది.

ఆ ఊళ్ళో అదేం వింత కాదు. జ్వరం పడి లేచినవాళ్ళకీ, మరీ అలిసిపోయినవాళ్ళకీ బొమ్మ కాస్త వెనకబడుతుంటుంది. మనిషి ఎదురుగా నిలబడితే అద్దం ఖాళీగా ఉంటుంది. ఆ మనిషి వెళ్ళిపోయాక, ఎప్పుడో తీరిగ్గా, ఇందాక నిలబడ్డవాళ్ళని చూపిస్తుంది. లాయరమ్మది మొదట్లో రెప్పపాటు ఆలస్యం. తర్వాత గంట. ఇప్పుడైతే పొద్దున పళ్ళు తోముకుంటే బొమ్మ సాయంత్రానికి వస్తోంది. ఆఫీసు నుంచొచ్చి మొహం కడుక్కుందామని అమ్మ నిలబడేసరికి అద్దం నిండా నురగ మూతితో కూతురే.

"కాస్త జరగవే, నా మొహం నాకు కనపడనీ" అని అమ్మ అద్దాన్నే కసిరేది. అని, పక్కగదిలోకి వినపడేలా, "మీ పిన్నిది కూడా నీ వయసులో ఇంతే. పూట పూటంతా ఆలస్యం. ఉద్యోగంలో చేరాక అదే సర్దుకుంది" అనేది.

లాయరమ్మ ఒక సంగతి తొందరగానే కనిపెట్టింది. అద్దం ముందు ఏ మొహం పెడితే సాయంత్రం అమ్మ ముందుకి అదే వస్తుంది. అందుకని అద్దం కంటబడితే చాలు, నవ్వేది. ఎంతసేపని నవ్వుతుంది? బీరువా అద్దానికి దుప్పటి కప్పేసింది. అడిగితే, దుమ్ము పడుతోందంది. కింద గాజు నూరే ఇంట్లో దుమ్ము మాటకి ఎదురు చెప్పేదెవరు? దుకాణంలోకి దిగడం మానేసింది. టీ మెట్లమీద పెట్టి వెనక్కి వచ్చేసేది.

బళ్ళో మధ్యాహ్నం డబ్బా పట్టుకుని లైబ్రరీ వెనక మెట్లమీద కూర్చునేది. "ఎలా ఉన్నావే?" అని అడిగినవాళ్ళు జవాబు వచ్చేలోపే వరండా దాటేసేవాళ్ళు. ఆగినా ఏం చెప్పాలి? గుండెలమీద ఎవరో కూర్చున్నట్టుంది. ఎందుకూ అంటే కారణం లేదు. ఇంట్లో కొట్టేవాళ్ళు లేరు, మార్కులు బాగానే ఉన్నాయి, ఎవరూ మోసం చెయ్యలేదు. కారణం లేని బాధకి పాయింట్లు ఉండవు. పాయింట్లు లేకుండా మాట్లాడటం ఆ పిల్లకి చేతకాదు.

దాంతో లోపల్లోపలే ఒక డిబేట్ నడుస్తోంది. నేను లేకపోతే ఏమవుతుంది? రెండు పక్షాలా మాట్లాడేది తనే. ఉండాలనే పక్షం గొంతు రోజురోజుకీ పీలగా అయిపోతోంది.

ఆ ఆదివారం పొద్దున, నాన్నతో అద్దాలు మోసే మనిషి పనికి రాలేదు.

"లాయరమ్మా, ఓ చెయ్యి వేస్తావా? సెలూన్ అద్దం. పక్క వీధే!"

కాదనడానికి కూడా ఓపిక కావాలి. దిగి వచ్చింది.

నాన్నకి పనిలో ఒక పట్టింపు ఉంది. అద్దాన్ని ఎదురుగా చూడడు. పక్కకి వంగి, ఒక కన్ను మూసి, అంచు చూస్తాడు. పగులు పుట్టేది అంచులోనే. "మొహం చూసుకునేది కొనుక్కున్నవాడు. మనం చూడాల్సింది అంచు" అని పనిలో చేరిన ప్రతివాడికీ మొదటి రోజే చెప్తాడు. ఇన్నేళ్ళుగా వేల అద్దాల మధ్య తిరిగిన మనిషి వాటిలో ఒక్క మొహమైనా నిదానంగా చూసి ఎరగడు.

సెలూన్ అద్దం గోడంత ఉంది. పడుకోబెట్టి మొయ్యకూడదు, నిలువునా పట్టుకుని నడవాలి. వెనకవైపు నాన్న, మెరుపు వైపు ఆమె. ఒకరికొకరు కనపడరు.

"పట్టుకున్నావా?"

"ఆ, పట్టుకున్నా."

వీధిలోకి వచ్చారు. అద్దంలో వీధి కదులుతోంది. మూసి ఉన్న మందుల షాపు, సైకిలు తుడుచుకుంటున్న ముసలాయన, బాల్కనీలో ఆరేసిన చొక్కాలు, ఎవరి మీదో ఊరికే మొరుగుతున్న కుక్క. అన్నీ ఉన్నాయి. తను లేదు. చేతులు అద్దాన్ని పట్టుకునే ఉన్నాయి, అద్దంలో మాత్రం చేతులు లేవు.

బొమ్మ ఆలస్యమని తెలుసు. తెలిసినా చూస్తూ ఉండిపోయింది. తను లేని వీధి ఎక్కడా బోసిపోలేదు. కుక్క మొరుగు ఆపలేదు. ముసలాయన తల ఎత్తలేదు. ఇంతేనా, ఇంత సులువా అనుకుంది. ఇంతకన్నా రుజువేం కావాలి? లోపల ఉండాలనే పక్షం తన కాగితాలు సర్దుకుని కూర్చుండిపోయింది.

అప్పుడొచ్చింది ఏడుపు. చేతులు ఖాళీ లేవు. కళ్ళూ ముక్కూ ఏకమై కారుతుంటే తుడుచుకునే దారి లేదు.

"బరువుగా ఉందామ్మా?" అద్దం అవతల్నుంచి నాన్న.

"లేదు నాన్నా. తేలిగ్గానే ఉంది."

గొంతు భలే హుషారుగా పలికింది. డిబేట్లలో సాన పెట్టిన గొంతు, మొహంతో దానికి పని లేదు. దోవ మొత్తంలో ఆమె ఆడిన మాట అదొక్కటే.

సెలూన్ గుమ్మంలో భుజానికి మొహం రాసుకుంది. సెలూన్ పెద్దాయన ఎదురొచ్చాడు. "ఏవయ్యా అద్దాలూ, కొత్త మనిషిని పెట్టావే?"

"లాయర్ని పెట్టుకున్నా. అద్దం పగిలితే నీమీదే కేసు వేస్తుంది."

ముగ్గురూ నవ్వారు. అద్దం గోడకెక్కింది.

ఇంటికొచ్చి లాయరమ్మ అలమర సర్దింది. పుస్తకాలు దొంతర పెట్టింది. బట్టలు మడత పెట్టింది. డిబేట్ కప్పు తీసుకెళ్ళి పక్కింటి చిన్నదాని చేతిలో పెట్టింది.

"నిజంగా నాకేనా అక్కా? మళ్ళీ అడగవుగా?"

"అడగను. నాకిక అక్కర్లేదు."

అమ్మ గుమ్మంలోంచి తొంగి చూసి మురిసిపోయింది. "గది చూడు, ఎంత ముచ్చటగా ఉందో! నే చెప్పలా, బుద్ధొచ్చిందని."

పొద్దు వాలుతుండగా కింద ఫోను మోగింది. సెలూన్ పెద్దాయనది ఫోను అక్కర్లేని గొంతు, మెట్లమీదికే వినపడుతోంది.

"ఏం అద్దం ఇచ్చావయ్యా? వచ్చినవాళ్ళు వచ్చినట్టే లేచిపోతున్నారు!"

"పగిలిందా?"

"పగల్లేదు. నువ్వొచ్చి చూడు."

నాన్న భుజాన గుడ్డ వేసుకుని స్కూటరు తీశాడు. ఆ చప్పుడికి లాయరమ్మకి గుర్తొచ్చింది. పొద్దున ఆ అద్దం ముందు తను నవ్వలేదు.

చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది. నాన్నకన్నా ముందు చేరాలి, ఏ తువ్వాలో కప్పెయ్యాలి. మందుల షాపు, సైకిలు ముసలాయన, బాల్కనీ చొక్కాలు. పొద్దుటి వీధే. ఈసారి ముసలాయన తలెత్తి, "చూసుకుని, తల్లీ!" అని అరిచాడు.

చేరేసరికి నాన్న లోపలే ఉన్నాడు. అద్దం పక్కన ఒంగి, ఒక కన్ను మూసి, అంచు వెంట బొటనవేలు పోనిస్తున్నాడు. కుర్చీలో సగం గెడ్డం గీసిన మనిషి ఉన్నాడు.

"శుభ్రంగా ఉందే. ఎక్కడా పెచ్చు కూడా లేవలేదు" అన్నాడు నాన్న.

"అంచు కాదయ్యా," అన్నాడు పెద్దాయన. "అద్దం చూడు."

నాన్న నిటారుగా లేచి, ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

అద్దంలో ఒక కొసన లాయరమ్మ ఉంది. చేతులు రెండూ చాచి, నడుస్తూ, ఏడుస్తోంది. వెక్కిళ్ళకి భుజాలు ఎగిరిపడుతున్నాయి. చుబుకం మీంచి నీళ్ళు కారుతున్నాయి.

"వచ్చినప్పట్నుంచీ అదే ఏడుపు," అన్నాడు సగం గెడ్డం ఆయన. "ఎవరి పిల్లో పాపం. ఎదురుగా పెట్టుకుని నున్నగా గీయించుకోడానికి మనసొప్పలా."

"ఇందాక ఒకాయన లేచెళ్ళి అద్దం మీద చెయ్యి పెట్టి, 'ఏమైందమ్మా' అని అడిగాడు" అన్నాడు పెద్దాయన. "పలికితేగా!"

అద్దంలో పిల్ల పెదాలు కదిలాయి. చప్పుడు లేదు. వీధిలో తన కూతురు ఆడిన ఒకే ఒక్క మాట నాన్నకి గుర్తుంది. 'తేలిగ్గానే ఉంది' అన్న ఆ మాట ఇప్పుడు ఆ మొహం మీద చూశాడు. భుజం మీది గుడ్డ జారి కిందపడింది.

"నాన్నా," అంది గుమ్మంలోంచి లాయరమ్మ, రొప్పుతూ. "అది పొద్దుటిది. ఇప్పుడేం లేదు."

నాన్న తిరిగాడు. అద్దంలో పిల్లనీ గుమ్మంలో పిల్లనీ మార్చి మార్చి చూశాడు.

"నీ వైపు బరువు ఎక్కువుందని చెప్పలేదేమ్మా?"

ఆమె నోరు తెరిచింది. అలవాటుగా మొదటి పాయింటు వెతుక్కుంది. దొరకలేదు.

"కారణం ఏం లేదు నాన్నా."

"బరువుకి కారణం దేనికే? బరువైతే బరువే."

అంతే, ఇన్నాళ్ళూ కప్పిన దుప్పటి జారిపోయింది. "నేను లేకపోతేనే బావుంటుందనిపిస్తోంది," అంది. "చాలా రోజుల్నుంచి. ఈ రోజు మరీ."

పెద్దాయన కత్తి కింద పెట్టేశాడు. సగం గెడ్డం ఆయన మెల్లగా లేచి, "మిగతాది రేపు గీయించుకుంటాను లెండి" అని, ఆ సగంతోనే బయటికి నడిచాడు. నాన్న వాదించలేదు. అలా అనకూడదని కసరలేదు. గాజు గాట్లతో గరుకుబారిన చేత్తో ఆమె చెయ్యి పట్టుకున్నాడు. వదల్లేదు.

"నాకు చూడ్డం రాలేదమ్మా" అన్నాడు. "ఎవరికి చూపించాలో కూడా తెలీదు."

"నాకు తెలుసు," అన్నాడు పెద్దాయన. "డాక్టరొకాయన ఉన్నాడు, మనసు బాగోలేని పిల్లల్ని చూస్తాడు. తలమీద వెంట్రుక లేదు. అయినా నెలనెలా వస్తాడు, నా కబుర్ల కోసం. ఉండు, ఇప్పుడే ఫోన్ చేస్తా."

ఆ రాత్రి అమ్మ తన మంచం తెచ్చి లాయరమ్మ మంచానికి ఆనించి వేసింది. బుద్ధి మాట మళ్ళీ ఎత్తలేదు. మర్నాడు డాక్టరు దగ్గరికి ముగ్గురూ వెళ్ళారు.

మందులు మొదలయ్యాయి, మాటలు మొదలయ్యాయి. కొన్నిరోజులు బాగుండేవి, కొన్ని అచ్చం పాతవాటిలాగే ఉండేవి. బొమ్మ ఆలస్యంగానే వచ్చేది. అమ్మ అద్దంలో కూతుర్ని ఇప్పుడు కసరడం లేదు. తువ్వాలు పట్టుకుని, చూస్తూ నిలబడుతుంది. పక్కింటి చిన్నది మాత్రం కప్పు తిరిగివ్వనంది. "అడగనన్నావుగా అక్కా!" పాయింటే. లాయరమ్మ ఓడిపోయింది.

వానలు తగ్గాక ఒక పెద్ద అద్దం ఆర్డరొచ్చింది. మోసే మనిషి ఉన్నా నాన్న మేడమీదికి కేకేశాడు. ఇద్దరూ చెరో కొసా పట్టుకున్నారు, ఇద్దరూ మెరుపు వైపే.

"అలా మోస్తే నడుం విరుగుద్ది సారూ" అన్నాడు మోసే మనిషి.

"విరిగితే నాదేగా."

దుకాణం ఈ గోడ నుంచి ఆ గోడకి చేర్చేసరికి ఇద్దరికీ చెమటలు పట్టాయి. అద్దంలో నాన్న ఉన్నాడు. పక్కన ఖాళీ. నాన్న స్టూలు లాక్కుని ఆ ఖాళీకి ఎదురుగా కూర్చున్నాడు. ఆమె టీ తెచ్చింది. మెట్లమీద పెట్టలేదు, పక్కన కూర్చుంది.

"సాయంత్రం దాకా రాదు నాన్నా."

"రానీ. నాకేం తొందర?"

"ఒకే వైపు మొయ్యడం శుద్ధ తప్పు," అందామె గ్లాసు ఊదుకుంటూ. "మూడు కారణాలు. ఒకటి, బరువంతా ముందుకి తూలుతుంది. రెండు, అవతల గోడ తగిలినా తెలీదు."

టీ ఇంకా చల్లారలేదు. అద్దం కొసన ముందు రెండు చేతులు వచ్చాయి, తర్వాత చెమట పట్టిన ఒక మొహం. అది నవ్వడం లేదు, ఏడవడమూ లేదు. బరువు మోస్తోంది, అంతే. నాన్న కదలకుండా దాన్నే చూస్తున్నాడు.

"మూడోదో?" అన్నాడు, చూపు తిప్పకుండానే.

లాయరమ్మ ఆలోచించింది.

"మూడోది రేపు చెప్తాను."