డబ్బాలో చూపుడువేలు

ఆదివారం వచ్చిందంటే నర్సింగ్ వాకిట్లో గోనెసంచి పరుచుకుని, పానాలన్నీ ముందేసుకుని, ఎవరిదో ఒకరి బండి విప్పుతూ కూర్చుంటాడు. మిగతా ఆరు రోజులూ బొల్లారంలో మందుల కంపెనీలో షిఫ్టు. పటాన్‌చెరులో సందుకో మెకానిక్ ఉన్నా ఒక్కరి చేతికీ బండి ఇచ్చిన పాపాన పోలేదు. ఇంట్లో అయ్యే పనికి బయటివాడు ఎందుకని అతని వాదన. ఆ వాదన ఏపాటిదో అతని ఒంటి మీదే చూడొచ్చు. కిక్కు రాడ్డు వెనక్కి తన్ని కాలి ఎముక విరిగింది. స్టాండు స్ప్రింగు ఊడి వచ్చి కనుబొమ్మ చీల్చింది. బ్యాటరీ నీళ్లు పడి తొడ మీద అరచేయంత తోలు లేచిపోయింది. ప్రతిసారీ రక్తం కడుక్కుని, ఇంకోసారి ఇట్లా చేయకూడదనుకుని, తర్వాతిసారి ఇంకో రకంగా చేసేవాడు.

చూపుడువేలు పోయింది మాత్రం రెండేళ్ల కిందట, దసరా ముందురోజు. తెల్లారితే బండికి పూజ. పొద్దున్నే రెండు చక్రాలూ విప్పాడు. ఎప్పటినుంచో కిర్రుమని అరుస్తున్న బ్రేకుల నోరు మూయించి, చక్రాలు మళ్లీ బిగించాడు. ఇక చైను తుడవడం మిగిలింది. బండిని నడిమి స్టాండు మీద నిలబెట్టి, ఇంజను స్టార్టు చేసి, గేరు వేసి, తిరుగుతున్న చైనుకు గుడ్డ పట్టాడు. చైనే తిరుగుతుంటే చేతికి పని తప్పుతుందనే తెలివి. చైను గుడ్డను లాక్కుంది, గుడ్డతోపాటు వేలినీ లాక్కుంది. నడుమెత్తు దాకా గోడ మీద రక్తం చిమ్మింది. తెగిన వేలు నట్లు నానేసిన కిరోసిన్ గిన్నెలో పడింది.

పక్కింటివాళ్లు అతన్ని ఆటోలో ముత్తంగి అవతలి దవాఖానాకు తీసుకుపోయారు. వైద్యానికి చూపాల్సిన కంపెనీ కార్డు ఇంట్లోనే మరిచిపోయారు. ఆ కార్డు పట్టుకుని, ఆ బండే ఎక్కి, తమ్ముడు శ్రావణ్ బయల్దేరాడు. ముత్తంగి చౌరస్తాలో లారీ కిందకు పోయాడు. ముఖం మిగల్లేదు. అన్న అతన్ని చేతికి కట్టిన దారం చూసి గుర్తుపట్టాడు.

దినాలయ్యాక నర్సింగ్ భార్య ధనలక్ష్మి గిన్నెలోని వేలిని తీసి, పసుపునీళ్లతో కడిగి, పాతిపెడదామని వంటింట్లోంచి వస్తోంది. ఆమె అరచేతిలో వేలు లేచి గ్యాసు పైపు వైపు చూపింది. చూస్తే పైపు చీలి ఉంది. పాతిపెట్టడం మానేసి దాన్ని రేకు డబ్బాలో గుడ్డ మీద పడుకోబెట్టారు. లోపం ఎక్కడుంటే వేలు అక్కడ చూపేది. బస్తీలో బండి మొరాయిస్తే చాలు, "అన్నా, జెర నీ ఏలు ఇయ్యి" అని వచ్చేవాళ్లు. పిండిగిర్నీ ఆయన రెండు రోజులు ఉంచుకుంటే ధనలక్ష్మి పోయి నాలుగు తిట్టి మరీ తెచ్చుకుంది.

ఆర్నెల్లకు నుజ్జయిన బండి పోలీస్‌స్టేషన్ నుంచి ఇంటికొచ్చింది. దాన్ని విప్పి చూడాలని అక్కడా ఎవరికీ తోచలేదు. నర్సింగ్ దాన్ని పడమటి మూలకు నెట్టి తాడిపత్రి కప్పేశాడు. ఆ రోజు నుంచి పనిలేనప్పుడల్లా వేలు పడమటికే చూపడం మొదలుపెట్టింది. గోడ అవతల ముంబై రోడ్డు, ఆ రోడ్డు మీద ముత్తంగి, ముత్తంగిలో లారీ డ్రైవరు కిష్టప్ప. కేసు తేలేదాకా స్టీరింగు ముట్టొద్దంటే అక్కడే ఒక ట్రాన్స్‌పోర్టు యార్డులో టైర్లు మారుస్తూ బతుకుతున్నాడు. వేలు వాణ్ణే చూపుతోందని నర్సింగ్ లెక్క. ఒకసారి సంగారెడ్డి కోర్టు బయట వాణ్ణి పట్టుకుని రెండు పళ్లు రాలగొట్టాడు. కిష్టప్ప నోరు తుడుచుకున్నాడే తప్ప చెయ్యెత్తలేదు. అది చూసి నర్సింగ్‌కు ఇంకా మండింది.

ఇంట్లో తల్లి నర్సింహమ్మ ఊరుకోనిచ్చేది కాదు. అన్నం ముందు కూర్చుంటే చాలు, అదే మాట.

"నీ తమ్మున్ని తొక్కినోడు ఊపిరి పీల్సుకుంట తిరుగుతుండు. నీకు బువ్వ ఎట్ల దిగుతుందిరా?"

శ్రావణ్ భార్య జ్యోతి కూడా ఆ ఇంట్లోనే ఉండేది. పొద్దున్నే స్కూటీ తీసుకుని ప్యాకింగు కంపెనీకి పోయేది, సాయంత్రం వచ్చేది.

ఈ దసరా ముందురోజు డబ్బాలో వేలు ఒకటే కొట్టుకుంది. మూత ఎగిరిపోయింది. పడమటికి నిక్కి నిలబడింది. తల్లి దాన్ని చూసింది, కొడుకును చూసింది. నర్సింగ్ డబ్బా చొక్కా జేబులో వేసుకుని, మూరెడు పైపు పానా గుడ్డలో చుట్టుకుని షేరింగ్ ఆటో ఎక్కాడు. ఈసారి వాణ్ణి చంపే తిరిగి రావాలనుకున్నాడు.

మిట్టమధ్యాహ్నం. కిష్టప్ప లారీ పక్కన కూర్చుని చక్రం నట్లు విప్పుతున్నాడు. నర్సింగ్ లెవ్వమన్నాడు. లేచాడు. మొదటి దెబ్బకు భుజం ఎముక పటుక్కుమంది. రెండో దెబ్బకు మోకాలు వంగిపోయి చక్రానికి ఆనుకుని కూలబడ్డాడు. చెవి నుంచి మెడ దాకా రక్తం. హమాలీలు పరిగెత్తుకొచ్చి, పానా చూసి ఆగిపోయారు.

"సంపు అన్నా," అన్నాడు కిష్టప్ప. "సంపేముందు ఒక్క మాట ఇను. ఆ పిలగాడు లేసి నిలబడి బ్రేకు తొక్కిండు. బండి ఆగలె. నేను పక్కకు తిప్పుదామంటే బస్సు ఉండె."

ఈ మాట అతను పోలీసులకు చెప్పాడు, వకీలుకు చెప్పాడు. తప్పు చేసినవాళ్లంతా ఇట్లాగే అంటారని వాళ్లు రాసుకోలేదు. ఆ నోటి నుంచి తమ్ముడి ఊసు వినేసరికి నర్సింగ్ ఒళ్లు భగ్గుమంది. నలుగురి ముందు తేల్చి, తర్వాత తల పగలగొడదామని డబ్బా తీసి, వేలిని లారీ బంపరు మీద పెట్టాడు.

"సూపియ్యి. తప్పు ఎవరిది?"

వేలు లేచింది. కిష్టప్పను దాటింది. లారీని దాటింది. నర్సింగ్ ఎదురుగా ఆగింది. అతను ఎడమకు జరిగాడు, వేలూ జరిగింది. కుడికి పోయాడు, కుడికి తిరిగింది. టైర్ల గుట్ట వెనక్కి పోయి నిలబడితే ఆ గుట్టనే చూపింది. వేలితో పాటు హమాలీలూ తలలు తిప్పారు. నర్సింగ్‌కు ఆ దసరా ముందటి పొద్దు గుర్తొచ్చింది. రెండు చక్రాలు, అరిచే బ్రేకులు, వాటి నోరు తను ఎట్లా మూయించాడో గుర్తొచ్చింది. పానా చేతిలోంచి జారిపోయింది.

వేలిని మళ్లీ డబ్బాలో వేసుకుని, కిష్టప్పను తనే ఆటోలో ఎక్కించి దవాఖానాకు తీసుకుపోయాడు. ఏమైందని డాక్టరు అడిగితే, జాకీ జారిందని కిష్టప్పే చెప్పాడు.

ఇంటికొచ్చి తాడిపత్రి లాగేశాడు. వెనక చక్రం ఇరుసు విప్పడానికి మిగిలిన నాలుగు వేళ్లకు గంట పట్టింది. డ్రమ్ము ఊడి వచ్చింది. లోపల పసుపుపచ్చటి గ్రీజు. కంపెనీ మిషన్లకు వాడేది, ఎంత వేడికీ ఎండనిది. కిర్రుమనకుండా ఉంటుందని అన్నం డబ్బాలో దాచి తెచ్చి, ఆ పొద్దున బ్రేకు రబ్బర్ల నిండా దట్టంగా పూశాడు. అట్లా పూసేటప్పుడు రబ్బర్లు బిగించిన పళ్లెం మీద గ్రీజులో చూపుడువేలి అచ్చు పడింది, గోరుతో సహా. జేబులోని డబ్బాలోంచి వేలు బయటికి పాకి, పళ్లెం అంచు ఎక్కి, ఆ అచ్చులో పడుకుంది. సరిగ్గా సరిపోయింది. ఆ తర్వాత అది మరి కదల్లేదు.

నర్సింగ్ ఆ చక్రాన్ని అట్లాగే ఎత్తుకుపోయి తల్లి ముందు పెట్టాడు.

"నేనే అమ్మా. తమ్మున్ని నేనే సంపిన."

నర్సింహమ్మ గ్రీజు ముట్టి చూసింది, వాసన చూసింది. పొయ్యి దగ్గరి కట్టె తీసి కొడుకును కొట్టింది. వీపు మీద, చేతుల మీద, కట్టె విరిగేదాకా కొట్టింది. అతను తలకు చెయ్యి కూడా అడ్డం పెట్టుకోలేదు. ధనలక్ష్మి ఏడుస్తూ పట్టుకోబోయింది. జ్యోతి తలుపు దగ్గర నిలబడి చూసి లోపలికి పోయింది. వేలిని తెల్లారి పెరట్లో పాతిపెట్టారు.

దసరా పోయిన నెలకు సంగారెడ్డి కోర్టులో నర్సింగ్ ఆ బ్రేకు రబ్బర్లు బల్ల మీద పెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. తన మీద ఏ కేసైనా రాసుకోమన్నాడు. భుజానికి కట్టుతో బోనులో నిలబడ్డ కిష్టప్ప అప్పుడు ఏడ్చాడు. రెండు వాయిదాల తర్వాత అతను మళ్లీ స్టీరింగు పట్టాడు.

జ్యోతి మాత్రం బావతో మాట మానేసింది. చలికాలం వచ్చాక ఒక ఆదివారం స్కూటీని తోసుకొచ్చి అతని గోనెసంచి ముందు ఆపింది.

"బ్రేకు అరుస్తుంది," అంది, ఎటో చూస్తూ.

నర్సింగ్ చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాడు. చక్రం విప్పి, దుమ్ము పొడిగుడ్డతో తుడిచి, రబ్బర్ల మీద గరుకు కాగితం రుద్ది బిగించాడు. నూనె డబ్బా వైపు పోలేదు. జ్యోతి సందు మలుపు దాకా పోయి బ్రేకు నొక్కింది. బండి నొక్కినచోటే ఆగింది, కిర్రుమంటూనే.

తిరిగొచ్చి అంది: "ఇంకా మొత్తుకుంటుంది గద బావా."

"మొత్తుకోనియ్యి బిడ్డా," అన్నాడు.